మడ అడవిలో మా బావ

మా బావ ఆరేళ్ళపాటు నా ట్రైపాడ్ మోశాడు. మోకాలి లోతు బురదలో, ఎవరూ అడగకుండానే, ఇష్టంగా మోశాడు. ఆయన గురించి ఎవరైనా అడిగితే ముందు ఆ మాటే చెబుతాను. అది చెప్పకుండా తర్వాత జరిగింది చెబితే అన్యాయమవుతుంది.

ఎనభైల మధ్య మాట. బాపట్లలో ఒక కాలేజీలో నేను జువాలజీ లాబ్ అసిస్టెంటుని. సీసాల్లో ఫార్మలిన్ మార్చడం, ప్రాక్టికల్స్‌కు కప్పలు తెప్పించడం, స్లయిడ్లు తుడిచి పెట్టెల్లో సర్దడం నా పని. ఆ కాలేజీ లైబ్రరీకి ఎవరో పెద్దాయన ఇచ్చిపోయిన విదేశీ పత్రికల కట్టలు బీరువా పైన దుమ్ము కొట్టుకుని ఉండేవి. ఒకరోజు అందులో వర్షారణ్యం ఫోటోలు చూశాను. ఏడాది పొడుగునా వాన కురిసే అడవి. తడి ఆకు మీద గోరంత కప్ప. దాని వేలి చివర ఉన్న గుండ్రటి మెత్త కూడా స్పష్టంగా కనిపిస్తోంది. పదేళ్ళుగా కప్పల్ని మైనం పళ్ళేల మీద గుచ్చి కోయడానికి అందిస్తున్నాను గాని, ఒక్క కప్ప మొహాన్ని అలా చూడలేదని ఆరోజే తెలిసింది.

తెనాలిలో ఒక స్టూడియో ఆయన పాత కెమెరా అమ్ముతుంటే కొన్నాను. కానీ దాని లెన్సు మూరెడు దూరం కన్నా దగ్గరికి వెళితే అంతా అలుక్కుపోయేది. లెన్సును తిరగేసి బిగిస్తే చీమను కూడా పెద్దగా చూపిస్తుందని ఆయనే చెప్పాడు. తిరగేసి బిగించాలంటే ఒక రింగు కావాలి. అది బజార్లో దొరకదు.

ఈ బాధంతా రేపల్లెలో అక్కావాళ్ళింట్లో భోజనం దగ్గర చెప్పాను. బావకు అక్కడ ఆయిల్ ఇంజిన్లు, పంపుసెట్లు అమ్మే కొట్టు ఉంది. చెయ్యి కడుక్కుంటూనే, "లేత్ మీద తీయిస్తే పోలా? రేపు పొద్దున్నే తెనాలి పోదాం" అన్నాడు.

ఇంజిన్ల మనిషి కాబట్టి తెనాలిలో లేత్ పనివాళ్ళందరూ ఆయనకు తెలుసు. లెన్సూ కెమెరా బల్లమీద పెట్టి చెబితే ఆ పనివాడు నవ్వాడు.

"ఏంటండీ ఇది, తలకిందులుగా పెడతారా?"

"మావాడు చీమ కళ్ళు లెక్కపెడతాడంట. నువ్వు మర సరిగ్గా తియ్యి" అన్నాడు బావ.

రెండు రింగులు పాడయ్యాయి. మూడోది కరకరమంటూ ఎక్కి బిగుసుకుంది. అక్కడే లేత్ దీపం కింద ఇనప రజను మీద పాకుతున్న ఒక ఈగను చూశాను. దాని కన్ను జల్లెడలా ఉంది. నా తర్వాత బావ చూశాడు. కన్ను తియ్యకుండా, "అబ్బా" అన్నాడు. ఆ "అబ్బా" అన్న గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. అందులో నటన లేదు.

వర్షారణ్యం చూడాలన్న నా కోరిక విని ఆయనే అన్నాడు, "అంత దూరం ఎందుకయ్యా? రోజుకు రెండుసార్లు మునిగి తేలే అడవి మనకుంది. ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. రేపల్లెకు అన్నేళ్ళుగా వస్తున్నా, సముద్రం వైపు ఉన్న మడ అడవిని నేను చూడలేదు. మాది లూథరన్ కుటుంబం. ఆదివారమంటే ఆరాధన. మా నాన్న రిటైరైన బడిపంతులు, గుడిలో ముందు వరసలో కూర్చునే మనిషి. నాకు సెలవున్నది ఆ ఒక్క రోజే కాబట్టి నెలకు రెండు ఆదివారాలు గుడి మానాల్సి వచ్చింది. నాన్న నాతో మాట్లాడటం మానేస్తే బావే వెళ్ళి సర్దిచెప్పాడు. "దేవుడు చేసినవాటినే గదండీ మావయ్యా మావాడు చూస్తోంది" అన్నాడట. అల్లుడి మాట నాన్న కాదనలేదు.

శనివారం సాయంత్రం బాపట్లలో రైలెక్కి, తెనాలిలో మారి, రేపల్లె పాసింజరులో అక్కింటికి చేరేవాణ్ణి. తెల్లవారుజామునే బావా నేనూ మొదటి బస్సుకు సముద్రం దిక్కుగా వెళ్ళి, రోడ్డు అయిపోయిన చోట దిగి పడవ ఎక్కేవాళ్ళం. పడవ ఒక ముసలాయనది. చేపలు, పీతలు పట్టుకుని బతికేవాడు. భార్య, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు అందరిదీ అదే పని. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను సారూ అనేవాడు. బావ మాత్రం ఆయనకు ఇంజిన్ల బాబుగారు.

మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు నాకు అడవి కనిపించలేదు. బురద, దాంట్లోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్ళు, ఉప్పు పూసిన ఆకులు. ఇంతేనా అనిపించింది. బురద మీద చెక్కపలక వేసుకుని బోర్లా పడుకుని లెన్సులోంచి చూశాక ఊపిరాడలేదు. ఆ మేకుల మధ్య బఠాణీ గింజంత పీతలు వందలు. మగపీతకు ఒక డెక్క చిన్నది, ఇంకొకటి ఒంటికన్నా పెద్దది, ఎర్రగా. దాన్ని పైకెత్తి ఎవరినో పిలుస్తున్నట్టు ఊపుతాయి. పక్కనే బురద మీద నడిచే చేపలు, కళ్ళు నడినెత్తిన పెట్టుకుని, రెక్కల్ని మోచేతుల్లా ఆనించి. ఆకుల్ని తెల్లటి దారంతో కుట్టే ఎర్రచీమలు. ఆ పత్రికలో చూసిన అడవికి ఇది ఏమాత్రం తీసిపోదని ఆ పూటే నాకు తెలిసిపోయింది.

తిరగేసిన లెన్సుతో పని ఓపిక పరీక్ష. జానెడు దూరంలో లెన్సు ఉండాలి. వెంట్రుకవాసి ముందుకు జరిగినా కన్ను మసకబారుతుంది. ఒక పీత కోసం గంట పడుకుంటే, అది బొరియలోంచి సగం వచ్చి, నా ఊపిరికి బెదిరి మళ్ళీ లోపలికి పోయేది. ఎండ సూటిగా పడితే దాని వీపు తెల్లగా కాలిపోయినట్టు పడుతుంది ఫోటోలో. అందుకని బావ గొడుగుకు పల్చటి ముతక తెల్లగుడ్డ కట్టించి, నా పక్కనే బురదలో కూర్చుని నీడ పట్టేవాడు. దోమలు కుట్టినా కదిలేవాడు కాదు. పని అయ్యాక, "వచ్చిందా?" అని గుసగుసగా అడిగేవాడు. ఫిల్ము కడిగితే గాని తెలియదని ఆయనకూ తెలుసు. అయినా అడిగేవాడు.

రెండో ఏడు ముసలాయన మమ్మల్ని లోపలి దిబ్బకు తీసుకెళ్ళాడు. సన్నటి పాయలోంచి, కొమ్మలు తలకు తగలకుండా వంగి, తిల్ల చెట్లు దాటి వెళ్ళాలి. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఆయన మా తలల మీద గోనె కప్పాడు. అవతల చుట్టూ మడ, మధ్యలో కాస్త ఎత్తైన నేల. ప్రతి పోటుకూ మునగదు. అమావాస్యకు, పున్నానికి మాత్రమే నీళ్ళెక్కుతాయి. అక్కడున్నన్ని జీవాలు నేనింకెక్కడా చూడలేదు.

"ఇక్కడికి ఇంకెవర్నీ తేవొద్దండి సారూ" అన్నాడు ముసలాయన. "మా పీతలన్నీ పిల్లలు పెట్టేది ఈ చుట్టుపక్కలేనండి. పదిమందికి తెలిస్తే మాకు బతుకులేదండి."

"మేమిద్దరమే బాబాయ్. ఇంకెవరూ రారు" అన్నాను.

మా ఇద్దరి తరఫునా ఆ మాట ఇచ్చింది నేను. బావ పడవ అంచున కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ తలూపాడు.

బావ దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. ఏ తిథికి పోటు ఎన్ని గంటలకు వస్తుందో, దిబ్బ దగ్గర నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కుతాయో రాసేవాడు. పడవ తోసే గెడ మీద కత్తితో గాట్లు పెట్టి కొలిచేవాడు. ఒక్కోసారి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నాలిక్కి తగిలించి ఉమ్మేసి, "ఉప్పు తగ్గింది" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ఇంజిన్లు అమ్ముకునే మనిషి నా పిచ్చి అంటించుకుని ఇంత శ్రద్ధ పెడుతున్నాడని పొంగిపోయేవాణ్ణి. ఆ పుస్తకం వల్ల నాకు మేలే జరిగింది. ఏ ఆదివారం వెళితే బురద తేలి ఉంటుందో ముందే తెలిసేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఫిల్ము చివరికొచ్చేసరికి, "ఎప్పుడూ ఆ కళ్ళూ కాళ్ళేనా? వెడల్పుగా ఒకటి తియ్యవయ్యా. ఎక్కడ తీశామో తెలియాలి గదా" అనేవాడు. లెన్సు మామూలుగా బిగించి పాయనీ దిబ్బనీ ఆయన చెప్పిన చోట నిలబడి రెండు మూడు తీసేవాణ్ణి. నాకు వాటి మీద మోజు లేదు. ఆయన సరదా అనుకున్నాను.

బురదచేపలు రెండు ఎదురెదురుగా వీపు రెక్కలు తెరచాపల్లా లేపి నోళ్ళు తెరుచుకుని తలపడే ఫోటో నాకు మూడేళ్ళకు దొరికింది. అది కడిగిన రోజు బాపట్ల నుంచి బావకు టెలిగ్రాం ఇచ్చాను, "వచ్చింది" అని ఒక్క మాట. ఆయన మర్నాడే స్వీట్లు పట్టుకుని రైలెక్కి వచ్చాడు.

ఆ తర్వాత కాలేజీలో ఒక గదిలో నా ఫోటోలు గోడలకు పెట్టారు. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. కోస్తా పొడుగునా రొయ్యల చెరువుల మాట తప్ప వేరే మాట వినపడని రోజులు. బావ రేపల్లె నుంచి వస్తూ వేమూరు వైపు రైతులు నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. తెల్లబట్టల్లో ఉన్న పెద్దమనుషులు. నా పీతల్నీ చీమల్నీ ఒకసారి చూసి, మూలన పెట్టిన వెడల్పు ఫోటోల ముందు ఆగిపోయారు.

"పోటు నీళ్ళు ఏడాదంతా వస్తాయా అండీ?" అని ఒకాయన అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "మావాడికి అవన్నీ తెలీవండి. వాడు పురుగుల మనిషి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెళుతూ బావ, "ఆ వెడల్పువన్నీ పెద్దవి చేసి ఇవ్వు. కొట్లో గోడకు పెట్టుకుంటా" అన్నాడు. స్నానాల గదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని, ఒక్కో ప్రింటు శ్రద్ధగా కడిగి ఆరబెట్టి ఇచ్చాను.

ఆ తర్వాత మా ఆదివారాలు తప్పడం మొదలైంది. ఒకసారి పిల్లాడికి జ్వరమని అక్క చేత ఉత్తరం రాయించాడు. ఇంకోసారి సరుకు దిగుతోందన్నాడు. నాకూ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. నాలుగు నెలలు గడిచాయి. చివరికి ఆయనకు చెప్పకుండానే ఒక ఆదివారం బాపట్లలో తెల్లవారుజాము బండెక్కి, అక్కింటికి కూడా వెళ్ళకుండా బస్సెక్కాను.

బస్సు దిగుతుంటేనే చప్పుడు వినపడింది. ఇంజిన్ల చప్పుడు. రోడ్డు అయిపోయే చోట ఇప్పుడు మట్టిబాట ఉంది. దానిమీద నడుచుకుంటూ వెళ్ళాను. పడవ అవసరం లేకుండానే దిబ్బ దగ్గరికి చేరాను. దిబ్బ లేదు. పొక్లెయిన్ ఒకటి బురదను ఎత్తి గట్టు మీద పోస్తోంది. మడ చెట్లు వేళ్ళు పైకి తిరిగి కుప్పలుగా పడి ఉన్నాయి. తడి గట్టు మీద ఆ బఠాణీ పీతలు బొరియలు లేక అటూ ఇటూ తిరుగుతున్నాయి. పాయ మూతి దగ్గర రెండు కొత్త ఇంజిన్లు నీళ్ళు తోడుతున్నాయి. వాటి మీద బావ కొట్టు పేరున్న రేకు ముక్క బిగించి ఉంది.

నేను కెమెరా బయటికి తియ్యలేదు.

ముసలాయన పడవ ఒడ్డున బోర్లించి ఉంది. దాని నీడలో కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏంటి బాబాయ్ ఇదంతా? ఎవరు చేయిస్తున్నారు?"

ఆయన సూది ఆపి నా మొహం చూశాడు.

"నన్నడుగుతారేంటండీ? మీదే గదండీ చెరువు."

"నాదా?"

"ఇంజిన్ల బాబుగారు, వేమూరు రైతులు, మీరు. అంతా కలిసే గదండీ లీజుకు తీసుకుంది. మొన్న ఆళ్ళొచ్చి మీ ఫోటోలు పరుచుకుని, గట్టు ఎక్కడేయాలో చూసుకున్నారండి. నేను ఒద్దంటే, సారే తీసిచ్చాడు, ఆయనకు లేని బాధ నీకేంటన్నారు."

నాకు తెలియదని ఆ బాధలో ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. ఆయన వినలేదు. వల మీదకు తల వంచి, "బస్సు పోద్ది, ఎల్లండి" అన్నాడు.

రేపల్లెలో కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. గోడల మీద నా ఫోటో ఒక్కటీ లేదు. బావ నన్ను, నా బురదకాళ్ళను చూసి విషయం గ్రహించాడు. షట్టరు సగం దించి, "ఇంట్లో మాట్లాడుకుందాం రా" అన్నాడు.

"ఇక్కడే చెప్పండి. నా పేరెందుకు వేశారు?"

"నీ మేలుకే వేశాను. ఇంట్లోవాడివి గదా, వదిలేస్తానా?"

"సంతకం?"

"నేనే పెట్టాన్లే. దానికేముంది."

"బాబాయ్‌కి మాటిచ్చాం బావా."

"నువ్విచ్చావు" అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడవయ్యా. మనం కాకపోతే రేపు ఇంకెవడో తవ్వుతాడు. రెండు పంటలు చేతికొస్తే నీకు మంచి కెమెరా వస్తుంది. నువ్వెప్పుడూ అంటావే, ఆ వాన కురిసే అడవి, అక్కడికే పోయి నెల రోజులు ఉండి తీసుకో. నేనే పంపిస్తా."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. తిట్టడానికి వచ్చినవాణ్ణి ఒక్కటే అడిగాను.

"మొదట్నుంచీ ఇందుకేనా వచ్చింది? గొడుగు పట్టిందీ, ఆ పుస్తకం రాసిందీ?"

ఆయన బల్ల మీద నూనె మరకను వేలితో రుద్దుతూ ఉన్నాడు.

"మొదట్లో కాదు" అన్నాడు. "ఎప్పట్నుంచో నాకే తెలీదు."

ఇంటికి వెళ్ళి అక్కతో చెప్పాను. అక్క ఆశ్చర్యపోలేదు. కంచం పెట్టి, అన్నం వడ్డిస్తూ, "నువ్వు బాధపడతావని చెప్పొద్దన్నారురా" అంది. అంటే ఆ నాలుగు నెలలూ పిల్లాడి జ్వరమని నాకు ఉత్తరం రాసిన అక్కకు కూడా అంతా తెలుసు. కంచం ముందునుంచి లేచి వచ్చేశాను. మా ఇంట్లో అన్నం ముందునుంచి లేవడమన్నది నేను అంతకుముందు ఎరగను.

నా పేరు తీసేయించడానికి మూడుసార్లు తిరిగాను. నాకా చెరువుతో సంబంధం లేదని కాగితం రాసి, బావ చేతా, ఆ రైతుల చేతా సంతకాలు పెట్టించుకున్నాను. బావ ఏమీ అనకుండా పెట్టాడు. ఆ కాగితం తీసుకుని ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయనకు చదువు రాదు. పడవ పక్కన నిలబడి మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. ఆయన భార్య గుడిసె గుమ్మంలో నిలబడి వింది.

అంతా విని ముసలాయన, "కాయితం మీద మీ పేరు లేదు, సరేనండి" అన్నాడు. "పడవలో మాత్రం ఉన్నారు గదండీ."

నన్ను నమ్మే ఆయన బావను రానిచ్చాడు. నేను బావను నమ్మాను. ఆ మాటే అంటే, "అవునండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే వాళ్ళు అక్కణ్ణుంచి లేచి ఎటో వెళ్ళారని, కొడుకులు హార్బరులో కూలికి కుదిరారని తర్వాత తెలిసింది.

చెరువు మొదటి పంట బాగా వచ్చిందన్నారు. రెండో ఏడాది రొయ్యలకు మచ్చ తెగులు వచ్చి తెల్లారేసరికి తేలిపోయాయి. మూడో ఏడాదీ అంతే. వేమూరు రైతులు చేతులు దులుపుకున్నారు. బావ కొట్టు సగానికి తగ్గింది. ఆ వార్త విని నాకు సంతోషం కలుగుతుందేమోనని నన్ను నేనే కాసేపు పరీక్షించుకున్నాను. కలగలేదు. దిగులూ కలగలేదు. రెండేళ్ళు రేపల్లె మొహం చూడలేదు. నాన్న పోయినప్పుడు బావ వచ్చి శవపెట్టె మోశాడు. సమాధుల తోట నుంచి వస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. తీసెయ్యలేదు నేను. అంతకు మించి దగ్గరికీ జరగలేదు. పండక్కి, పెళ్ళిళ్ళకు కలిసేవాళ్ళం. రైళ్ళ గురించీ, వానల గురించీ మాట్లాడుకునేవాళ్ళం.

ఆ ఫోటోలు మళ్ళీ చూడటం నాకు చాలాకాలం కష్టమైంది. పీత వీపు మీద పడిన ఆ మెత్తటి వెలుగు బావ పట్టిన గొడుగులోంచి వచ్చింది. ఏ ఫోటో నాడు ఆయన మనసు నా పక్కన ఉందో, ఏ ఫోటో నాడు చెరువు గట్టు మీద ఉందో నేను విడదీయలేకపోయాను. ఎంత దగ్గరికి వెళ్ళి చూసినా కనపడని విషయం అది.

తొంభైల చివర్లో ఒకరోజు తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఉంటే ఆయన కనపడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. వచ్చి పక్కన కూర్చుని, నాకూ ఒక టీ చెప్పాడు. నా ఒళ్ళో సంచి ఉంది. అందులో కెమెరా, ఆ వారమే కడిగించిన స్లయిడ్లు ఉన్నాయి. అప్పటికి ఏడాదిగా నేను ఇంకో చోటికి వెళుతున్నాను, ఒక్కణ్ణే. అక్కడ నీళ్ళున్నాయి, చెట్లున్నాయి, ఆకుల కింద ఆకంత పచ్చటి చిన్న కప్పలున్నాయి.

"ఇప్పుడేం తీస్తున్నావు?" అని అడిగాడు బావ. ఆ గొంతులో పాత ఆత్రం ఉంది. లేత్ దీపం కింద విన్న గొంతే అనిపించింది ఒక్క క్షణం. చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"ఏమీ తియ్యట్లేదు బావా. మానేశాను" అన్నాను.

ఆయన కాసేపు నా సంచి వైపు చూసి, "ఊఁ" అని టీ తాగాడు. బండి వచ్చాక ఎదురెదురు సీట్లలోనే కూర్చున్నాం. రేపల్లె చేరేదాకా ఆయన తన కూతురి చదువు గురించి చెబుతూ వచ్చాడు, నేను వింటూ కూర్చున్నాను.